మూడో గుర్తు

చుట్టు 1412, రెండో రోజు

పది గంటల నలభై నిమిషాలకు సైరన్ మోగించాను. రెండు గుర్తులు కనిపించాయి. మా సూర్యుడు ప్రాక్సిమా కుడి అంచున కొత్తగా తిరిగి వచ్చిన మచ్చల గుంపులో చిన్న చిన్న మెరుపులు మొదలయ్యాయి. రేడియోలో చిటపట ఎక్కువైంది. మొత్తం ఐదు గుర్తుల్లో ఏ రెండు కనిపించినా మోగించాలన్నది నియమం. మోగించాను.

మా ఊరు సంజెవాడ మొత్తం, ఆరువందల నలభై మంది, పదకొండు నిమిషాల్లో సొరంగంలోకి దిగారు. ప్రాక్సిమా నుంచి పెద్ద మెరుపు వస్తే తీగలు కాలిపోతాయి కాబట్టి నాచు మడుల పంపులన్నీ ఆపేశారు. ఆరు గంటలు లోపల కూర్చున్నారు.

మెరుపు రాలేదు.

దిగేటప్పుడు మెట్ల మీద సాయిలు తాత పడిపోయాడు. డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి. పనికి రావద్దన్నా వినకుండా మడి గట్టున కూర్చుని జల్లెళ్ళు కడుగుతుండేవాడు. సైరన్ వినగానే తడి కాళ్ళతోనే పరుగెత్తాడు. అరవై రెండు మెట్లలో పదిహేనో మెట్టు దగ్గర జారాడు. తల పగిలింది. డాక్టర్ ఫర్జానా సొరంగంలోనే కట్టు కట్టింది గానీ ఆపరేషన్ సామాన్లన్నీ పైన ఆసుపత్రిలో ఉన్నాయి. గండం దాటిందని నేను గంట కొట్టే లోపే తాత పోయాడు.

చిట్టాలో రాయాల్సింది ఇది: సైరన్ సంఖ్య 58. ఫలితం: తప్పు.


చుట్టు 1412, నాలుగో రోజు

తాతను చీకటి వైపు వాలులో పాతిపెట్టారు. నేను డ్యూటీలో ఉండి వెళ్ళలేదు. డ్యూటీ లేకపోయినా వెళ్ళేదాన్నో కాదో తెలియదు.

మధ్యాహ్నం ఆయన కొడుకు ఓదెలు ఈ కాపలా గదికి వచ్చాడు. ఓదెలు నాచు మడులకు పెద్ద. ఊరు తినే తిండి సగం అతని చేతి మీదుగా వస్తుంది. పదహారేళ్ళుగా నేను ఇక్కడ పనిచేస్తున్నాను, అతను ఈ గది ఎక్కడం ఇదే మొదటిసారి. గుమ్మంలోనే నిలబడ్డాడు.

“నిన్ను తిట్టనీకె రాలె మణెమ్మా,” అన్నాడు. “ఒక్కసారి చూపియ్. ఏం చూసి మోగిస్తవో నాక్కూడా చూడాలనున్నది.”

తెర మీద ప్రాక్సిమాను చూపించాను. కిటికీలోంచి చూస్తే గుట్టల మీద జానెడు ఎత్తున, ఎప్పుడూ ఒకే చోట, మసిబారిన ఎర్రటి పళ్ళెంలా ఉంటుంది. తెర మీద దాని ఒంటి మీది మచ్చలు కనిపిస్తాయి. మన పదకొండు రోజుల చుట్టులా కాకుండా ఆ మచ్చల గుంపు పదమూడు రోజులకోసారి మన వైపు తిరుగుతుందని, ఆరేడు రోజులు మనకెదురుగా ఉంటుందని చెప్పాను. ఇంకోటి కూడా చెప్పాను: అక్కడి నుంచి వెలుగు మన దాకా రావడానికి ఇరవై నాలుగు సెకన్లు పడుతుంది. మెరుపు కూడా ఆ వెలుగుతోనే వస్తుంది. అంటే మెరుపు నా కళ్ళబడే వేళకే అది మన మీద పడి ఉంటుంది.

అతను వేళ్ళ మీద లెక్క వేసుకున్నాడు.

“మరి నువ్వు ముందుగాల ఎట్ల చెప్తున్నవ్?”

“ముందుగాల నాకేం కనవడది అన్నా. వచ్చేటట్టున్నదని గుర్తులను బట్టి అనుకుంటా.”

“అంటే ఊహనా?”

“ఊహనే.”

“నేను ముప్పై ఏండ్ల సంది,” అన్నాడు ఓదెలు, “ఈ గదిల కూసున్నోళ్ళకు అది వస్తుంటె కనవడ్తదనుకున్న. మా నాయిన కూడా అట్లనే అనుకున్నడు. కనవడ్డదనుకొనే ఉరికిండు.”

మెట్లు దిగి వెళ్ళిపోయాడు. అతను తిట్టి ఉంటే నాకు తేలికగా ఉండేది.


చుట్టు 1412, తొమ్మిదో రోజు

మచ్చలు అవతలి వైపు వెళ్ళిపోయాయి. ఈరోజు పంచాయతీ జరిగింది.

మొన్నటి ఆరు గంటల్లో పన్నెండు మడుల్లో నాలుగు కుళ్ళిపోయాయి. పంపు ఆగితే నాచుకు ఊపిరాడదు. ఈ ఏడాది తిండి కోత పెట్టడం మూడోసారి. పిల్లలకు తప్ప అందరికీ పూటకు ఒక్క రొట్టె.

ఓదెలు లేచి తన మాట చెప్పాడు. రెండు గుర్తులకు కాదు, మూడు గుర్తులు కనిపిస్తేనే సైరన్ మోగించాలి. కోపంగా చెప్పలేదు. వాళ్ళ నాన్న పేరు ఎత్తలేదు. కుళ్ళిన మడుల పేర్లు ఒక్కొక్కటే చదివాడు.

సర్పంచి నా వైపు తిరిగాడు. “మణెమ్మా, పని తెలిసినదానివి. నువ్వేమంటవ్?”

ఇక్కడ జరిగింది జరిగినట్టు రాయాలి.

అంతకు ముందు రెండు రోజులు నేను పాత చిట్టాలన్నీ తిరగేశాను. మనవాళ్ళు ఇక్కడ దిగిన నలభై మూడేళ్ళలో యాభై ఎనిమిది సైరన్లు మోగాయి. నిజంగా మెరుపు వచ్చింది పదకొండు సార్లు. మూడు గుర్తుల నియమం మొదటి నుంచీ ఉండి ఉంటే తప్పుడు సైరన్లు నలభై ఏడు కాదు, తొమ్మిదే ఉండేవి. అయితే ఆ పదకొండు నిజమైన మెరుపుల్లో నాలుగింటికి రెండు గుర్తులే కనిపించాయి. ఆ నాలుగు సార్లూ సైరన్ మోగక జనం బయటే ఉండిపోయేవాళ్ళు.

ఆ లెక్క రాసిన కాగితం నా జాకెట్ జేబులోనే ఉంది. సర్పంచి అడిగినప్పుడు ఓదెలు నన్ను చూడకుండా తన చేతులు చూసుకుంటున్నాడు. పక్క బెంచీలో వాళ్ళమ్మ కూర్చుని ఉంది.

“అట్లనే చెయ్యుండ్రి,” అన్నాను.

చేతులు లేచాయి. నియమం మారింది. కాగితం ఇంకా జేబులోనే ఉంది.


చుట్టు 1413, నాలుగో రోజు

మచ్చల గుంపు మళ్ళీ వచ్చింది. పోయినసారి కంటే దాదాపు రెట్టింపు అయింది. ఉదయం ఆరు నుంచి సాయంత్రం నాలుగు దాకా రెండు గుర్తులు. చిన్న మెరుపులు, ఎక్స్-కిరణాల ముల్లు వణుకు. మూడోది రాలేదు.

పది గంటలు బొత్తాం పక్కనే కూర్చున్నాను. నీళ్ళు తాగడానికి కూడా లేవలేదు.

ఏమీ జరగలేదు.

డ్యూటీ దిగే వేళకి చెల్లెలు కొమురవ్వ రొట్టె గిన్నె పట్టుకుని వచ్చింది. తను మడుల్లో పనిచేస్తుంది. మోకాళ్ళ దాకా తడిసిన లుంగీతో అలాగే గదిలోకి వచ్చి నా కుర్చీలో కూర్చుంది.

“అక్కా, ఏడో మడిల నాచు మళ్ళ పట్టింది. ఇంకో చుట్టు అయితె కోత తీసేస్తరట. ఓదెలన్న నవ్విండు ఇయ్యాల. నేను కండ్లార చూసిన.”

“నవ్విండా?”

“జరంత. మూతి ఇట్ల పెట్టిండు.” చేసి చూపించింది. నాకూ నవ్వొచ్చింది.

వెళ్తూ వెళ్తూ తెర మీది ప్రాక్సిమాను చూసి ఆగింది. మా నాయనమ్మ చెప్పేది, భూమ్మీద ఉన్నప్పుడు ఈ నక్షత్రం చుట్టూ గ్రహాలు కల్పించి కథలు రాసేవారట. భూమికి అన్నిటికన్నా దగ్గరి నక్షత్రం కదా, రాసేవాళ్ళకు అదే ముందు తోచేదేమో. కథల్లో ఇక్కడ ఎప్పుడూ సాయంత్రమే, ఎర్రటి వెలుగులో జనం నిమ్మళంగా తిరుగుతుంటారు. అవి చదివిన మోజులోనే నాయనమ్మ ఓడ ఎక్కింది.

“నాయినమ్మ చదివిన కథలల్ల సైరను లేకుండె గద అక్కా,” అంది కొమురవ్వ.

“మెరుపులు ఉండెనట. ఒక పేజీల వచ్చి ఇంకో పేజీల పోయేటియట.”

ఇంటికి వెళ్తుంటే బజారులో ఇద్దరు ముగ్గురు ఆపి పలకరించారు. పదహారేళ్ళలో సైరన్ మోగించనందుకు నన్ను మెచ్చుకోవడం ఇదే మొదలు. నాకు బాగుంది. బాగుందని రాయడానికి సిగ్గుగా ఉంది, అయినా రాస్తున్నాను. ఇంటికొచ్చాక జేబులోని కాగితం తీసి పెట్టె అడుగున పెట్టాను.


చుట్టు 1414, ఆరో రోజు

టైములు తర్వాత మర్చిపోతానేమోనని ముందు అవి రాస్తున్నాను.

8:15. మచ్చల గుంపులో చిన్న మెరుపులు. ఒకటో గుర్తు.

8:31. రేడియోలో చిటపట. రెండో గుర్తు.

8:40. మచ్చ అంచు చీలుతున్నట్టు అనిపించింది. చీలితే అది మూడో గుర్తు. తెర పెద్దది చేసి చూశాను. చీలికో, కెమెరా మీది దుమ్మో తేల్చుకోలేకపోయాను. బయటికి వెళ్ళి అద్దం తుడిచి వచ్చాను. నాలుగు నిమిషాలు పోయాయి.

8:46. ఇంకా తేల్చుకోలేదు. వేలు బొత్తాం మీదే ఉంది. నొక్కితే మళ్ళీ నాలుగు మడులు పోతాయి, మళ్ళీ ఎవరో మెట్ల మీద పడతారు అనుకున్నాను. కిటికీలోంచి మడుల్లో పనిచేసేవాళ్ళు కనిపిస్తున్నారు. ఉక్కగా ఉందని చాలామంది మెరుపు నుంచి కాచే ముసుగులు వెనక్కి తోసుకున్నారు.

8:52. గోడ మీద నా నీడ పడింది.

ఇక్కడ నీడలు ఎప్పుడూ మెత్తగా, ఎర్రగా ఉంటాయి. ఇది నల్లగా, కత్తితో కోసినట్టు ఉంది. గదిలో ప్రతి వస్తువుకూ అంచులు వచ్చాయి. తెల్లటి వెలుగు. అప్పుడు నొక్కాను. సైరన్ మోగింది. ఇంత ఆలస్యంగా మోగిన సైరన్ మన చిట్టాలో మరొకటి లేదు.

కిటికీకి మందపాటి రక్షణ అద్దం ఉంది. నేను చూడగలిగాను. మడులు పచ్చగా ఉన్నాయి. ఎర్ర వెలుగులో ఎప్పుడూ నల్లగా కనిపించే నాచు ఒక్కసారిగా ఆకుపచ్చగా అయిపోయింది. నీళ్ళు నీలంగా ఉన్నాయి. మనుషుల బట్టలకు రంగులున్నాయి. కొందరు తలలు దించి పరుగెత్తారు. కొందరు నిలబడిపోయి తలెత్తి చూశారు.

ఓదెలు చూడలేదు. అతను నాచు ఆరబెట్టే చాపలు లాగి మనుషుల మీద వేస్తున్నాడు. అద్దంలోంచి మాటలు వినబడలేదు గానీ నోరు కనిపించింది. తలలు దించుండ్రి, తలలు దించుండ్రి.

మెరుపు ఏడు నిమిషాలుంది.


చుట్టు 1414, ఏడో రోజు

ముప్పై ఒక్క మంది ఆరుబయట ఉన్నారు. ఇద్దరు చనిపోయారు, గట్టు చివర చాప అందని చోట ఉన్న ముసలి దంపతులు. మిగిలినవాళ్ళకు ముఖాల మీద, చేతుల మీద చర్మం పొక్కులుగా లేచింది. తొమ్మిది మందికి కళ్ళు కనిపించడం లేదు. ఏడుగురికి వారం పది రోజుల్లో చూపు తిరిగి రావచ్చని డాక్టర్ ఫర్జానా అంది. ఇద్దరికి రాదు. వాళ్ళు చాలాసేపు చూశారు.

ఆ ఇద్దరిలో ఒకరు కొమురవ్వ.

మంచం పక్కన కూర్చున్నాను. కళ్ళకు కట్టు ఉంది. నా అడుగులు గుర్తుపట్టింది.

“అక్కా?”

“నేనే.”

“మడి పచ్చగైంది అక్కా. పదిహేనేండ్ల సంది ఆ మడిలనే ఉన్న. లైటు కింద పెట్టి చూస్తె పచ్చగుంటదని తెల్సు. గని మడికి మడి అంతా... ఎక్కడిదాక చూస్తె అక్కడిదాక. తల దించాలెనని తెల్సు. దించబుద్ధి కాలె.”

జారిన దుప్పటి తన భుజాల దాకా లాగాను.

“ఎన్ని గుర్తులొచ్చినయ్?” అంది.

“రెండు. మూడోది తేల్చుకోలేకపోయిన.”

“అయితె నీ తప్పేంలేదు. రూలు ప్రకారం చేసినవ్.” నా చెయ్యి వెతుక్కుని పట్టుకుంది. “ఏడువకు.”

ఆ చెయ్యి అలా పట్టుకుని ఉండగా నేను చెప్పేసి ఉండాలి. చెప్పలేదు.


చుట్టు 1414, పదో రోజు

పంచాయతీలో కాగితం చదివాను. పదకొండులో నాలుగు.

ముందు ఎవరికీ అర్థం కాలేదు. మళ్ళీ చదివాను. పోయిన పంచాయతీ నాటికే ఈ లెక్క నా దగ్గర ఉందని, నియమం మార్చేటప్పుడు జేబులో పెట్టుకుని కూర్చున్నానని చెప్పాను.

ఓదెలు చేతులకు కట్లు ఉన్నాయి. లేచి నిలబడ్డాడు.

“నాలుగు సార్లు తప్పుతదని నీకు తెల్సా?”

“తెల్సు.”

“మరెందుకు చెప్పలె?”

“సాయిలు తాత నా సైరన్‌కే పోయిండు. మీ ముందట నిలబడి, ఇంకా సైరన్లు మోగనియ్యుండ్రి అని చెప్పనీకె నోరు రాలె.”

“అడిగిండు గద సర్పంచి! నిన్నే అడిగిండు!” అన్నాడు ఓదెలు. “ఆ లెక్క చెప్తె నేను ఒప్పుకుంటుంటినో లేదో. ఒప్పుకోకపోతుంటినేమో. గని నాకు తెల్సుండేది. నేనే ఆళ్ళకు చెప్పిన, ఉక్కపోస్తుంటె ముసుగులు తీసుకోండ్రి, మణెమ్మ చూస్తుంటదని. నా నోటితోని చెప్పిన.”

కాపలా గది తాళంచెవి తీసి సర్పంచి ముందు పెట్టాను. ఎవరూ ముట్టుకోలేదు. ఆ పని పూర్తిగా తెలిసినవాళ్ళు ఊళ్ళో మరొకరు లేరు; నేను లేనప్పుడు కూర్చునేవాళ్ళు ఏదైనా గుర్తు కనిపిస్తే నన్ను పిలుస్తారు, అంతే. నేర్పడానికి రెండేళ్ళు పడుతుంది.

చివరికి మాట్లాడింది డాక్టర్ ఫర్జానా. “తాళంచెవి ఎవరి దగ్గరుంటె ఏంది? ఒక మనిషి లోపల కూసోని మనసుల దాసిపెట్టుకునుడే కదా తప్పు. ఏం కనవడుతుందో గంటగంటకు మైకుల చెప్పనీ. ఒకటా, రెండా, తెలుస్తలేదా, అన్నీ. ఎవరు దిగాలెనో ఎవరు ఉండాలెనో జనం చూసుకుంటరు. మూడొస్తె మాత్రం సైరన్.”

అలాగే తీర్మానించారు. పని నేర్చుకోవడానికి ముగ్గురిని పంపుతామన్నారు. వాళ్ళు నేర్చుకున్నాక నేను ఈ గది ఖాళీ చేయాలి. అదీ తీర్మానంలో రాశారు. న్యాయంగానే ఉంది.

అక్కడి నుంచి ఆసుపత్రికి వెళ్ళేసరికి కొమురవ్వకు ఎవరో చెప్పేశారు. గోడ వైపు తిరిగి పడుకుంది.

“రొట్టె తెచ్చిన ఆ రోజు,” అంది తిరగకుండా, “ఆ కాయితం నీ జేబులనే ఉండెనా?”

“ఉండె.”

“పో అక్కా ఇగ.”


చుట్టు 1415, ఎనిమిదో రోజు

మచ్చల గుంపు వచ్చింది. కొంచెం చిన్నదైంది గానీ ఇంకా ఉంది. చూపు తిరిగి వస్తుందన్న ఏడుగురిలో ఆరుగురికి వచ్చింది. కొమురవ్వ మా ఇంటికి రానంది. మడుల దగ్గర స్నేహితురాలింట్లో ఉంటోంది. నాతో మాట్లాడటం లేదు.

గంటగంటకూ మైకులో చెబుతున్నాను. మొదటి రెండు రోజులు నా గొంతు నాకే కొత్తగా ఉండేది. “ఇప్పుడు గుర్తులు లేవు.” “ఇప్పుడొకటి ఉన్నది.” ఊరంతా ఆ మాట కోసం పని ఆపి వింటుందని కిటికీలోంచి కనిపిస్తుంది.

ఈరోజు తొమ్మిది గంటలకు చెప్పాను: “రెండు గుర్తులున్నయ్. చిన్న మెరుపులు, రేడియో చప్పుడు. మూడోది లేదు.”

బడి పిల్లల్ని దించేశారు. బజారులో సగం మంది దిగారు. సగం మంది ముసుగులు లాక్కుని నిలబడ్డారు. మడుల్లో ఎవరూ కదల్లేదు. అందరూ ఓదెలు వైపు చూస్తున్నారు.

ఫోను మోగింది.

“మణెమ్మా.” ఓదెలు. పంచాయతీ తర్వాత నాతో మాట్లాడటం అదే మొదటిసారి. “పంపులు ఆపితె ఏడో మడి మళ్ళ పోతది. ఇప్పుడిప్పుడే పట్టింది.”

“తెల్సు.”

“రెండు గుర్తులకు ఎన్నిసార్లు వస్తది?”

“రెండే ఉన్నప్పుడు, నలభై రెండు సార్లు మోగిస్తె నాలుగు సార్లు వచ్చింది. మొన్నటిది కలిపితె ఐదు. దాని ముందటి చుట్టుల రెండున్నా మోగియ్యలె, ఏం కాలె. అది కూడా లెక్కేసుకో.”

అవతల నీళ్ళ చప్పుడు మాత్రం వినిపించింది. పంపులు నడుస్తున్నాయి.

“నువ్వైతె ఏం చేస్తవ్?”

నియమం ప్రకారం నేను ఏమీ చెప్పనక్కర్లేదు. చూసింది చెప్పాను, లెక్క చెప్పాను.

“నేనైతె దిగుత అన్నా.”

“మడి పోతది.”

“పోతది. అయినా దిగుత.”

ఫోను పెట్టేశాడు. పంపులు ఒక్కొక్కటే ఆగిపోవడం కిటికీలోంచి చూశాను. మడుల వాళ్ళు గట్టు ఎక్కి వరసగా నడుచుకుంటూ సొరంగం వైపు వెళ్ళారు. ఈసారి ఎవరూ పరుగెత్తలేదు. వరస చివర కొమురవ్వ ఉంది, ఒక చెయ్యి స్నేహితురాలి భుజం మీద, రెండో చెయ్యి గోడ మీద. మెట్ల మొదట్లో ఆగి, కాలితో అంచు వెతుక్కుని దిగింది.

నేను గదిలోనే ఉన్నాను. గంటగంటకూ సొరంగంలోకి చెప్పాను. రెండు. రెండు. రెండు. ఒకటి. ఒకటి. లేదు.

మెరుపు రాలేదు.

మూడు గంటలకు అందరూ పైకి వచ్చారు. ఏడో మడి పోయింది, పక్కన తొమ్మిదోది కూడా. ఓదెలు గట్టు మీద మోకాళ్ళ మీద కూర్చుని కట్టు కట్టిన చేత్తో నీళ్ళు తోడి చూశాడు. తర్వాత ఫోను మోగింది.

“రాలె,” అన్నాడు.

“రాలె అన్నా.”

తిట్టు కోసం ఎదురుచూశాను.

“కొమురవ్వ అడుగుతున్నది, ఇప్పుడెట్లున్నదని. మైకుల చెప్పు, ఇంటది.”

నాలుగు కావడానికి ఇంకా పన్నెండు నిమిషాలుంది. ఆగలేదు. మైకు నొక్కి, తెర చూసి, చూసింది చూసినట్టు చెప్పాను. చిన్న మెరుపులు ఆగిపోయినయ్. రేడియో నిమ్మళంగ ఉన్నది. మచ్చ అంచు సంగతి నాకు తెలుస్తలేదు.